ఎగరని పండు

కోటిపల్లి రేవులో పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది.
బండికి స్టాండు వేసి, టై వదులు చేసి,
మందుల సంచీ ట్యాంకు మీద పెట్టుకుని నిలబడ్డాను.
మార్గశిరం పొద్దు. గౌతమి మీద మంచు
లేవాలా వద్దా అని ఆలోచిస్తోంది.

గోనెపట్టా పరుచుకుని పల్లాలమ్మ,
ముందర వెలగపళ్ళ కుప్ప.
బూడిద పూసుకున్న గుళ్ళు,
పాలవెల్లికి వేలాడిన ఆ ఒక్క పూటా తప్ప
ఎవరూ తలెత్తి చూడనివి.

"దేనికి పనిచేస్తుంది?" అన్నాను.
తొమ్మిదేళ్ళుగా నన్ను అందరూ అడిగే ప్రశ్న,
మొదటిసారి నేను అడిగాను.

"ఎక్కిళ్ళు ఆగకపోతే గుజ్జులో తేనె కలిపి నాకాలండి.
జొరం తగ్గాక నోరు సవి సచ్చిపోద్ది సూడండి,
అప్పుడు బెల్లవూ, సిటికెడు మిరియప్పొడీ ఏసుకుని తినాలి.
ఇరోచనాలకైతే పండు కాదు, పచ్చికాయ.
పైత్తానికి సిగురాకు. ఆయ్, అంతేనండి."

"షుగరుకి?"

చేతిలో పండు చేతిలోనే ఉంది.
"అది నాకు తెల్దు బాబూ.
ఎవడో సెప్పాడని మా ఆయన మాత్రలు మానేసి
ఏడాది ఇయ్యే తిన్నాడు.
కాకినాడ పెద్దాసుపత్రిలో బొటనేలు తీసేశారు.
పండుదేం తప్పు?
దానికి రాని పని దాని నెత్తినెట్టాం."

తెలీదు.
ఎంత చిన్న మాట!
హైదరాబాదు హోటల్లో మూడు రోజుల ట్రైనింగులో
ఏ స్లైడు మీదా కనబడలేదు.

పోయిన నెల అమలాపురంలో
భాస్కర్రామం డాక్టరు గారు
నా ఆర్టు పేపరు గ్రాఫు మీద వేలు పెట్టి,
కళ్ళజోడు పైనుంచి చూసి,
"ఇది మీ అమ్మకైతే కొంటావా?" అన్నారు.
గొంతులో పచ్చి వెలక్కాయ.
పేజీ తిప్పేశాను.
బల్ల మీద ఓ పెన్నుల స్టాండు పెట్టి,
నమస్కారం పెట్టి వచ్చేశాను.

పల్లాలమ్మ ఒక కాయ తీసి
జానెడెత్తు నుంచి రేవు మెట్టు మీద వదిలింది.
టప్పుమని ఎగిరింది.
"ఇది పచ్చిది. ఊరికే ఎగురుద్ది."
ఇంకోటి వదిలింది. దబ్బున పడి
పడినచోటే ఉండిపోయింది.
"ఇది పండింది."

నా మెడలో టై వంక చూసిందో, గొంతు వంకే చూసిందో:
"పచ్చిది గొంతు పట్టేస్తాది బాబూ.
పండింది అదే గొంతు ఇప్పుద్ది.
ఒకే సెట్టు, ఒకే కాయ.
గడ్డిలో పడి మగ్గాలంతే."

రెండు కొన్నాను. ఒకటి మెట్టుకేసి కొట్టించుకున్నాను.
వాసన ముందొచ్చింది,
పులిసిన బెల్లంలా, తడిసిన కలపలా,
చిన్నప్పుడు జబ్బుపడ్డ మధ్యాహ్నంలా.

పంటు వచ్చింది.
కొబ్బరి బస్తాలు, రెండు గేదెలు,
యూనిఫారంలో ఓ నర్సు, నా బండి.
ఇంజను కొట్టుకుంటోంది.
పుల్లముక్కతో గుజ్జు తవ్వుకుంటూ తిన్నాను.
ముందు పులుపు, వెనక తీపి,
అన్నిటికీ అడుగున నాలికను గీరే వగరు.
కామెర్లొచ్చి లేచిన ఆర్నెల్లకి
నోట్లో నీళ్ళూరాయి.
పండువల్లో, నదిగాలివల్లో,
ఆ మాటవల్లో. తెలీదు.

తిన్నాక పెంకు చూస్తే చెక్కు చెదరలేదు,
లోపల మాత్రం ఏమీ లేదు.
ఏనుగు మింగిన వెలగపండంటే నా సంచీయేనా
అనిపించి నవ్వొచ్చింది.
నర్సు అనుమానంగా చూసింది.

ముక్తేశ్వరంలో దిగి, అమలాపురం చేరి,
పదకొండింటికి డాక్టరు గారి గదిలో
సంచీ విప్పాను.
వేళ్ళకంటిన జిగురు ఎప్పుడంటిందో,
గ్రాఫున్న పేజీ పక్క పేజీకి అతుక్కుపోయి ఉంది.
గోటితో లాగితే చిరిగేలా ఉంది.
లాగలేదు.

"పోయిన నెల మీరొకటి అడిగారండీ," అన్నాను.
గొంతు వినపడింది.
రెండో పండు ఆయన బల్ల మీద పెట్టాను,
పెన్నుల స్టాండు పక్కన.